ద్రాక్షతోటల దారిలో కార్తీకం

డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్దుతోంది త్రివేణి. పై అరలో స్టీలు గ్లాసులు, కింద కుక్కర్ గిన్నెలు, వాటి మధ్య నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు. ఆకుపచ్చ మూతది గీతాంజలిది. నీలం మూతది మీనాది. అసలు మూతే లేనిది ఎవరిదో దేవుడికే తెలియాలి. అమెరికా వచ్చి శాన్ రామన్‌లో కాపురం పెట్టిన ఈ నాలుగేళ్ళలో తన వంటింట్లో తన డబ్బాలు మాత్రమే ఉన్న రోజు ఒక్కటైనా ఉందా అని ఆలోచించింది. లేదు.

"ఏవండీ," అంది గ్లాసులు బోర్లిస్తూ. "ఆకులు రంగు మారే రోజుల్లో ఒక్క రెండు రోజులు సొనోమా వెళ్దామా? మనిద్దరమే."

లక్ష్మీపతి డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరుచుకుని, ఒక చెవిలో మీటింగ్, ఇంకో చెవిలో ఇల్లు వింటున్నాడు. అంత పొడుగు పేరు నోరు తిరక్క ఆఫీసులో లక్కీ అన్నారు. స్నేహితులూ దాన్నే ఖాయం చేశారు. త్రివేణికి మాత్రం ఆ పేరు పిలవబుద్ధి కాదు. కుక్కపిల్లని పిలిచినట్టుంటుంది.

"సొనోమాలో ఏముంది?"

"ద్రాక్షతోటలు. తోట మధ్యలో ఒక్కగది కాటేజీ ఒకటి చూశాను. పొద్దున్నే తొమ్మిదింటికి టిఫిను బుట్టలో పెట్టి గుమ్మం ముందు ఉంచి, తలుపైనా కొట్టకుండా వెళ్ళిపోతారట."

"టిఫినంటే, ఇడ్లీలా?"

"బ్రెడ్డూ, పళ్ళూ."

"ఓహో. మరి రెండు రోజులు అక్కడ ఏం చేస్తాం?"

"ఏమీ చేయం."

లక్ష్మీపతి చెవిలోని ఇయర్‌ఫోన్ తీసేసి భార్య మొహంలోకి చూశాడు. సెలవు పెట్టి, డబ్బు కట్టి, రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళి ఏమీ చేయకపోవడం అతనికి కొత్త.

ఆ మాట నిజానికి త్రివేణిది కాదు. ఆఫీసులో పక్క సీటు మాయది. మాయ కిందటేడు మొగుడితో వెళ్ళొచ్చింది. ఏం చేశారని త్రివేణి అడిగితే కాసేపు ఆలోచించి, "ఏమీ చేయలేదు" అంది. అంటూ నవ్వుకుంది. ఆ నవ్వు త్రివేణి మనసులో ఏడాదిగా ఉండిపోయింది. తనూ లక్ష్మీపతీ చేయని పని లేదు. పెళ్ళయిన వారానికి అరకు వెళ్ళారు, రెండు వైపుల చుట్టాలూ కలిసి పదకొండు మంది, ఒకే వ్యాను. ఇక్కడికొచ్చాక తాహో వెళ్ళారు, యోసెమిటీ వెళ్ళారు, వేగాస్ వెళ్ళారు. ప్రతిసారీ మూడు కుటుంబాలు, రెండు బళ్ళు, ఒక రైస్ కుక్కరు. ఇద్దరే కలిసి ఊరి పొలిమేర దాటింది లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ మనిషి ఎవరూ లేనిచోట ఎలా ఉంటాడో చూడాలని ఆమె కోరిక.

"సరే," అన్నాడు లక్ష్మీపతి. "నీకంత ఇష్టమైతే వెళ్దాం. ఆ లింకు పంపు."

త్రివేణి చేతిలో ఉన్న గ్లాసు కడిగిందేనని మరిచిపోయి మళ్ళీ కడిగింది.

మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ మోగింది. మళ్ళీ మోగింది. ఆ తర్వాత ఆగకుండా మోగింది. తీసి చూస్తే శాన్ రామన్ బ్యాచ్ అనే వాట్సాప్ గ్రూపు. అందులో కాటేజీ ఫోటో, దాని కింద లక్ష్మీపతి సందేశం: "సొనోమా ప్లాన్. ఎవరెవరు వస్తున్నారు?" దాని కింద పదిహేడు బొటనవేళ్ళు.

సాయంత్రం అడిగితే అతను నిజంగానే తెల్లబోయాడు. హాస్టల్లో పెరిగిన మనిషి. ఇంటి నుంచి వచ్చిన సున్నుండల డబ్బాని గది మధ్యలో పెట్టి తెరవడమే తెలుసు గానీ, మంచం కింద దాచుకోవడం తెలియదు. మంచి చోటు కనబడితే పదిమందికీ చెప్పకపోవడం అతని లెక్కలో దొంగతనంతో సమానం.

"పాపం, రఘువాళ్ళు కూడా ఎండాకాలం నుంచి ఎక్కడికీ వెళ్ళలేదు కదా," అన్నాడు.

"నిజమే, పాపం," అంది త్రివేణి. "అది ఒకే గది అని కూడా చెప్పారా? మంచానికి అటు నేనూ ఇటు గీతక్కా పడుకుంటాం. మధ్యలో మీరూ రఘుగారూ."

"పెద్దది చూద్దాంలే," అన్నాడతను, ఆ మాటలో ఉన్న ముల్లు గుచ్చుకోకుండానే.

ఆదివారం మీటింగ్ త్రివేణివాళ్ళింట్లోనే. రఘు లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి ఎక్సెల్ షీటు తెరిచాడు. రఘు, గీతాంజలి ఇద్దరూ వరంగల్ వాళ్ళు. పక్క వీధిలో ఉంటారు. రఘు ఏ పనైనా షీటు తెరవకుండా మొదలుపెట్టడు. అతని పెళ్ళికి కూడా షీటు ఉందని, అందులో తాళి కట్టే వరసకి ఆకుపచ్చ రంగు వేశాడని గీతాంజలి అంటూ ఉంటుంది.

"తొమ్మిదింటికి ఫస్ట్ వైనరీ," అన్నాడు రఘు. "తొమ్మిది నలభైకి సెకండ్. పదిన్నరకి థర్డ్. లంచ్ లోపల నాలుగు కొట్టేస్తం."

"నాలుగా? నీకు వైనే పడదు గదా," అంది గీతాంజలి. "పోయినసారి ఒక్క గుటక తాగి, దానిమ్మరసం పాడైంది, రిటర్న్ ఇయ్యిండ్రి అన్నవ్."

"తాగుడెందుకే? చూస్తం. ఫోటోలు దిగుతం. నెక్స్ట్‌కి పోతం."

మీనా టీ గ్లాసు పట్టుకుని ఆలోచనలో పడింది. గుంటూరు అమ్మాయి, పక్క ఊరు డబ్లిన్‌లో ఇల్లు. మొగుడు మోహన్ సోఫాలో ఫోన్‌లో మ్యాచ్ చూస్తూ, అప్పుడప్పుడు తల ఊపి తనూ ఉన్నానని తెలియజేస్తుంటాడు.

"అది కాదు గానీ, పులిహోర ట్రే ఎవరు తెస్తున్నారు? కుక్కరు పెట్టుకోవడానికి ఆ కాటేజీలో ప్లగ్గులున్నాయా?" అంది మీనా.

కాటేజీ గురించి ఎవరూ మాట్లాడటం లేదని మీనాకు అప్పుడే తెలిసింది. అరగంట కిందటే అది పోయింది. దాని స్థానంలో ఐదు బెడ్‌రూముల ఇల్లొకటి వచ్చింది. ఫ్రీవే పక్కన, లోపల బిలియర్డ్స్ బల్ల, ఐదు నిమిషాల దూరంలో ఇండియన్ స్టోరు. ద్రాక్షతోటలు అక్కడి నుంచి ముప్పావు గంట.

త్రివేణి టీలు అందిస్తూ అంతా వింది. వినడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఊళ్ళో బడిలో మూడు తరగతులకీ ఒకే గది, ఒకే పంతులు. మీ వంతు వచ్చేదాకా నోరు మూసుకుని పక్క తరగతి పాఠం వినండర్రా అనేవాడాయన. అలా విని విని, ఏ మనిషి ఏ మాటకి ఎటు తిరుగుతాడో ముందే తెలిసిపోయే గుణం ఒకటి ఆమెకు అబ్బింది.

"డేట్ ఏదనుకుంటున్నారు?" అన్నాడు లక్ష్మీపతి. "త్రివేణీ, ప్లాన్ నీది కదా, నువ్వు చెప్పు."

ఎదురుగా ఫ్రిజ్ మీద లివర్‌మోర్ గుడి వాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. త్రివేణి దానివైపు ఒక్క క్షణం చూసింది.

"నవంబర్ మొదటి శనాదివారాలు," అంది. "దీపావళి హడావుడి అయిపోతుంది. ఆకులు బాగా పండి ఎర్రగా ఉంటాయి. గదుల రేట్లు కూడా తగ్గుతాయి."

మూడూ నిజాలే. నాలుగో నిజం ఒకటుంది, అది ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. దీపావళి వెళ్ళిన మర్నాడో ఎల్లుండో కార్తీకం వస్తుంది. కార్తీకంలో గీతాంజలి ఉల్లిపాయ కూడా ముట్టదు. మీనా నాన్న పరంధామయ్యగారు అక్టోబర్‌లో వస్తున్నారు, ఆయన తెల్లవారుజామునే లేచి దీపం పెట్టే మనిషి. ఆ నెలలో వైనరీ గడప తొక్కేవాళ్ళు ఈ హాల్లో ఒక్కరూ లేరు. పైగా ఆ శనివారం ఏకాదశి.

రఘు షీటులో తేదీ కొట్టి ఆకుపచ్చ రంగు వేశాడు. ఆ మధ్యాహ్నమే త్రివేణి అదే తేదీకి ఆ ఒక్కగది కాటేజీ బుక్ చేసుకుని, ఏమీ ఎరగనట్టు పప్పు నానబోసింది.

ఆమె ఊహించినట్టే అయింది. దీపావళికి వారం ముందు గీతాంజలి ఫోన్ చేసింది.

"ఏమే త్రివేణీ, క్యాలెండర్ చూసినవా? మనం పోయే రోజు కార్తీకమే! అందుల ఏకాదశి!"

"అయ్యయ్యో," అంది త్రివేణి. గొంతులో బాధ బాగానే పలికింది. "ఇప్పుడెలా అక్కా?"

"ఏం జేస్తం? వైనరీ అంటే పాపం గదా. నీకేమో అంత మనసు ఉండె."

"పోనీలెండక్కా. మీరంతా రాకపోతే మేమిద్దరం మటుకు ఏం వెళ్తాం. ఏదో, బుక్ చేసుకున్నందుకు ఒకసారి అలా వెళ్ళి చూసి..."

"ఆగాగు," అంది గీతాంజలి. "మీనాను గూడ కలిపిన, వాళ్ళ నాన్న లైన్ల ఉన్నడు. ఏందో అంటున్నడు."

లైన్లోకి పరంధామయ్యగారు వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. దిగి నాలుగు రోజులే అయినా అమెరికాని అప్పుడే క్రమశిక్షణలో పెట్టే పనిలో ఉన్నారు.

"అమ్మాయ్, బాధపడకు. కార్తీకంలో తోటకెళ్ళడం తప్పెవరన్నారు? వెళ్ళితీరాలి! వనభోజనాలంటారు దాన్ని. ఏకాదశి నాడు తినకూడదు, మర్నాడు ద్వాదశికి పెట్టుకుందాం. ఉసిరి చెట్టు సంగతి నేను చూస్తాను."

త్రివేణి ఫ్రిజ్ మీది క్యాలెండరు వైపు చూసింది. ద్వాదశి సంగతి ఆమె లెక్కలో లేదు.

ఆ తర్వాత జరిగినదంతా గ్రూపులో కళ్ళప్పగించి చూడటమే ఆమె పని. పొద్దున మూడు కుటుంబాలు, రాత్రికి పదకొండు. ముప్పై ఎనిమిది మంది భోజనాలంటే ద్రాక్షతోటల వాళ్ళెవరూ ఒప్పుకోలేదు. ఒకచోట ఒప్పుకున్నారు గానీ బయటి వంటలు వద్దన్నారు. పులిహోర లేని వనభోజనాలేమిటని మీనా ఆ తోటని కొట్టిపారేసింది. ఐదు బెడ్‌రూముల ఇల్లు రద్దయింది. సొనోమా నుంచి చోటు నాపాకి జరిగింది, నాపా నుంచి ఏదో చెరువు గట్టుకి, అక్కడి నుంచి లివర్‌మోర్‌కి. చివరికి శాన్ రామన్‌లోనే, వాళ్ళింటికి ఆరు నిమిషాల నడకలో ఉన్న పార్కులో షెల్టర్ నంబర్ టూ అనే పందిరి దగ్గర ఆగింది. పెరట్లో పెద్ద పొయ్యి ఉన్నది లక్కీవాళ్ళింట్లోనే గనక, శనివారం నుంచే తరగడాలూ సర్దడాలూ అన్నీ ఇక్కడే అని రఘు షీటులో రాశాడు. ఆ వరసకీ ఆకుపచ్చ రంగే.

"చూశావా," అన్నాడు లక్ష్మీపతి సంబరంగా. "ఎంత చిన్నగా మొదలుపెట్టావు, ఎంత పెద్దదైందో!"

"నా చెయ్యి అంత మంచిది," అంది త్రివేణి.

శుక్రవారం సాయంత్రం దుప్పట్లు మడతపెడుతూ అతనికి తన ఫోన్ అందించింది. తెరమీద కాటేజీవాళ్ళ మెయిల్. రేపు మూడింటి నుంచి చెకిన్. ఇద్దరు మనుషులు.

లక్ష్మీపతి రెండుసార్లు చదివాడు. "ఇది ఎప్పుడు చేశావు?"

"రఘుగారు తేదీకి రంగు వేసిన రోజే."

అతనికి కాస్త ఆలస్యంగా వెలిగింది. "అంటే కార్తీకం అని నీకు ముందే తెలుసా?"

"నాకు క్యాలెండరు చదవడం వచ్చండీ."

అతను పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి మంచం మీద కూలబడ్డాడు. తర్వాత నవ్వు ఆగింది. "మరి ఇప్పుడెలా త్రివేణీ? రేపు అందరూ మనింటికే వస్తున్నారు. మనం లేకపోతే..."

"మనం లేకపోతే ఏమవుతుంది? గీతక్కకి మన గరాజ్ కోడు తెలుసు. ఉప్పు ఎక్కడుంటుందో నాకంటే బాగా తెలుసు."

"అది కాదు..."

"ఒకటి అడుగుతాను, చెప్పండి. ఈ నాలుగేళ్ళలో ఊరు దాటాక మీ పక్క సీట్లో నేను ఎన్నిసార్లు కూర్చున్నాను?"

అతను వేళ్ళు మడవబోయాడు. తాహోకి రఘు, దారి తెలుసని. యోసెమిటీకి మోహన్, కడుపులో తిప్పుతుందని. వేగాస్‌కి మళ్ళీ రఘు. త్రివేణి మూడో వరసలో, చిప్స్ ప్యాకెట్లకీ రైస్ కుక్కరుకీ మధ్య. ఆమె ఇండియా నుంచి దిగిన మొదటిరోజు ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు కూడా ముందు రఘే. అప్పుడే కొత్త ఫోన్ కొన్నాడు, అందులో మ్యాప్ బాగుంటుందని. లక్ష్మీపతి వేళ్ళు ఒక్కటీ మడత పడలేదు.

"రఘుగారిని చేసుకోవాల్సింది మీరు," అంది త్రివేణి, దుప్పటి అంచులు కలుపుతూ. "షీటు కూడా ఉచితంగా వచ్చేది."

అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"కోపమా?"

"కోపం లేదు. వాళ్ళంటే నాకూ ఇష్టమే. గీతక్క లేకపోతే ఈ ఊళ్ళో మొదటి ఏడు ఎలా గడిచేదో. కానీ నాకు మీరు కావాలి, రెండు రోజులు. మీ చుట్టూ ఎవరూ లేకుండా. అప్పుడు మీరేం మాట్లాడతారో నాకు తెలియదు. మీకూ తెలియదు." ఆగి, మళ్ళీ తన మామూలు గొంతుతో అంది. "నేను రేపు పన్నెండింటికి బయలుదేరుతాను. కారు తాళం నా దగ్గరే ఉంది. మీరొస్తే సంతోషం. రాకపోతే ఆ బుట్టలో పళ్ళు మొత్తం నేనే తింటాను."

"ఏకాదశి కదా!"

"ఉపవాసానికి పళ్ళు తినొచ్చు. ద్రాక్షాకులు చూస్తే అసలే చెడదు."

శనివారం పదింటికల్లా ఇల్లు నిండింది. పెరట్లో రఘు పొయ్యికి గ్యాసు బిగిస్తున్నాడు. మోహన్ పక్కన నిలబడి తల ఊపుతున్నాడు. డైనింగ్ టేబుల్ దగ్గర గీతాంజలి, మీనా, ఇంకో ఇద్దరు గుమ్మడికాయతో కుస్తీ పడుతున్నారు. పరంధామయ్యగారు సోఫాలో కూర్చుని, పక్కనే కుండీలో ఉన్న మూరెడు ఉసిరి మొక్కకి కాపలా కాస్తున్నారు. ఏదో నర్సరీలో దొరికిందది. దాని నీడలో ముప్పై ఎనిమిది మంది కూర్చోవాలి.

త్రివేణి చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ మొగుడిని గమనిస్తోంది. చెప్పివెళ్దామని ఉంది అతనికి. మొహం చూస్తేనే తెలుస్తోంది.

"రఘూ, నీకో మాట చెప్పాలిరా."

"చెప్పు, ముందు ఈ సిలిండర్ పట్టుకో."

పట్టుకున్నాడు. కాసేపటికి వంటింట్లోకి వచ్చాడు.

"గీతక్కా, అదీ... ఇవాళ నేనూ త్రివేణీ..."

"లక్కీ, దేవుడు పంపినట్టు వచ్చినవ్. ఆ పై అరల పెద్ద గిన్నె దించు. మాకెవ్వరికీ అందుతలేదు."

దించాడు. గిన్నె పట్టుకునే పెరట్లోకి వెళ్ళి మోహన్‌తో ఏదో అనబోయాడు. మోహన్ ఫోన్ అతని మొహం ముందు పెట్టి స్కోరు చూపించాడు. పదకొండున్నర అయింది. పదకొండు ముప్పావు అయింది. చిక్కుళ్ళు అయిపోయాయి. త్రివేణి బీన్స్ అందుకుంది. లాండ్రీ గది తలుపు వెనక ఆమె సంచీ సిద్ధంగా ఉంది. అందులో రెండు చీరలు, ఒక స్వెటరు. అతని స్వెటరు పెట్టాలా వద్దా అని రాత్రి చాలాసేపు ఆలోచించి, పెట్టింది. ఇప్పుడు అది తీసేయాలేమో అనిపించింది.

ఒంటరిగా వెళ్ళగలదు. ఆ ధైర్యం ఆమెకుంది. కానీ ఒంటరిగా వెళ్ళడానికి సొనోమా ఎందుకు?

"బాబూ," అన్నారు పరంధామయ్యగారు, నాలుగోసారి హాల్లోంచి గరిటె పట్టుకుని వెళ్తున్న లక్ష్మీపతిని ఆపి. "పొద్దుటి నుంచి చూస్తున్నాను. ఏదో చెప్పాలని నువ్వు నోరు తెరుస్తున్నావు. తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు అందులో పని పెడుతున్నారు."

లక్ష్మీపతి గరిటె చేయి మార్చుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు బడి నడిపాను," అన్నారాయన. "సెలవు చీటీ రాసినవాడు ఎప్పుడూ క్లాసులోనే దొరికేవాడు. గోడ దూకినవాడే దొరికేవాడు కాదు."

పెరట్లోంచి రఘు అరుస్తున్నాడు. "అరే లక్కీ! ముప్పై ఎనిమిది మందికి చింతపండు ఎంత? షీట్ల లేదు!"

"పావు కిలో," అంది మీనా టేబుల్ దగ్గర నుంచి.

"పావు కిలో ఏమైతది? అర కిలో పడ్తది," అంది గీతాంజలి.

"అర కిలో వేస్తే అది పులిహోర కాదక్కా, శిక్ష."

"మా దిక్కు గట్లనే తింటరు."

"అందుకే మీ దిక్కు అంత కోపాలు."

గుమ్మడికాయ వదిలేసి అందరూ అటు తిరిగారు. రఘు తడి చేతులతో లోపలికి వచ్చి తన ఓటు తను వేశాడు. మోహన్ మొట్టమొదటిసారి నోరు తెరిచి, మూడొందల గ్రాములు అన్నాడు. అది ఎవరికీ నచ్చలేదు.

లక్ష్మీపతి చేతిలోని గరిటెని పరంధామయ్యగారి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని రాజదండంలా నిటారుగా పట్టుకుని ఉసిరి మొక్కవైపు చూడసాగారు. లక్ష్మీపతి త్రివేణి ముందు నుంచే నడిచి లాండ్రీ గదిలోకి వెళ్ళాడు. తలుపు వెనక చెయ్యి పెట్టి ఆమె సంచీ బయటికి తీశాడు. అప్పుడు ఒక్కసారి ఆమెవైపు చూశాడు. త్రివేణి చేతిలోని బీన్స్ కాయని సగం తుంచి ఆగిపోయింది. జీవితంలో ఏ గదిలోంచీ నలుగురికీ వస్తానని చెప్పకుండా కదలని మనిషి, చింతపండు లెక్క తేలని ఆ గోల మధ్యలోంచి, సంచీ భుజాన వేసుకుని, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా, వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.